తండ్రి విడిచిన బుల్డోజరు – దానిని బాగుచేయు క్రమము

పొలము, తోట, పశువులు, అప్పులు – ఇవి తండ్రివలన కుమారులకు సంక్రమించుట మన మెఱిగినదే. ఇప్పుడు వీనితో యంత్రములును చేరినవి. ఆయిలింజను, పవర్ టిల్లరు, ట్రాక్టరు, అక్కడక్కడ బుల్డోజరు కూడ పెద్దల యనంతరము పిల్లల పాలబడుచున్నవి. పొలము పంచుకొను పద్ధతి ఊరిలో ప్రతివానికిని తెలియును. అరిగిపోయిన యంత్రమును ఏమి చేయవలెనో చెప్పువారు తక్కువ. దానిని తుక్కు క్రింద తూచి అమ్మువారు కొందరు. నాన్నగారి జ్ఞాపకమని అప్పుచేసి రంగు వేయించి, ఒక్క వేసవియైన నడపకయే మరల మూలకు ద్రోయువారు మఱికొందరు. ఈ రెండు మార్గములును కొలత లేనివే. ఈ విషయమున మేము పొందిన యనుభవమును, మేము చేసిన తప్పుతో కూడ, సభ్యుల యుపయోగార్థము ఇచట వ్రాయుచున్నాము.

లంకరైతుకు బుల్డోజరు ఏల?

మా వాడపల్లి గౌతమీతీరమున నున్నది. శనివారములయందు వేంకటేశ్వరస్వామి దర్శనమునకు వచ్చినవారు ఏటిగట్టుపై నిలిచి గోదావరిని, లంకలను చూచియే యుందురు. లంకభూమి ఒండ్రుచేత బలిసిన భూమి. కాని వరద ఒండ్రు తెచ్చునో, ఇసుక మేట వేయునో రైతు చేతిలో లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చి, గోదావరి గట్లకు పలుచోట్ల గండ్లు పడిన సంగతి పెద్దలకు జ్ఞాపక ముండును. ఆ వరద తీసిన తరువాత మా చేనిలో మోకాలిలోతు ఇసుక నిలిచెను.

ఎకరమునకు 43,560 చదరపు అడుగులు. ఒకటిన్నర అడుగుల మేట యనగా ఎకరమునకు 65,340 ఘనపుటడుగుల ఇసుక. దీనిని గంపలతో మోయించుటకు పట్టు దినములను, కూలిని లెక్కవేసికొని, మా తండ్రిగారు ఒక గుత్తేదారు వాడి విడిచిన బుల్డోజరును కొనిరి. అప్పటికే అది పాతది.

ఈ యంత్రము పుట్టినది కూడ మనవంటి మెత్తని నేలకొఱకే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నదీముఖపు భూములలో ట్రాక్టరు చక్రములు దిగబడుచుండగా, బెంజమిన్ హోల్ట్ అను యంత్రనిర్మాత 1904లో చక్రములకు బదులు గొలుసులపై నడచు ట్రాక్టరును పరీక్షించెను. 1923లో కాన్సాస్ రాష్ట్రమున జేమ్స్ కమింగ్స్ అను రైతును, మెక్లౌడ్ అను నక్షాలేఖకుడును కలిసి, ట్రాక్టరు ముందు మన్ను నెట్టు బ్లేడును కట్టిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సైన్యము మన దేశమున విడిచిన గొలుసు ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టరు సంస్థ రెల్లుజాతి గడ్డి పట్టిన బీళ్లను దున్నించెను. ఆ పనికి కావలసిన యంత్రములకై 1949లో ప్రపంచబ్యాంకు మన దేశమునకు 1 కోటి డాలర్ల ఋణ మిచ్చెను. 1964లో బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ స్థాపింపబడిన పిమ్మట బుల్డోజర్లు ఇచటనే తయారగుచు వచ్చినవి. మా తండ్రిగారు కొన్నది వానిలో చిన్నతరగతి యంత్రము. అయినను దాని బరువు పది టన్నులకు మించును.

అది మా చేనినే గాక, ఇరుగుపొరుగు చేలను కూడ ఏండ్లతరబడి చదునుచేసెను. పిదప మా తండ్రిగారికి వార్ధక్యము వచ్చెను. యంత్రము కొబ్బరితోటలోని మకాములో తాటాకు పాక క్రింద ఎనిమిది వర్షకాలములు కదలక నిలిచెను. వారు గతించిన యేడు మరల ఇసుక మేట వచ్చుటచే, మా యన్నదమ్ము లిద్దరకును ఆ పాకవైపు చూడక తప్పినదికాదు.

ముందుగా తేల్చుకొనవలసినవి

తుక్కు వర్తకుడు ఇంటికి వచ్చి బేరమాడినాడు. మాలో ఒకరు అమ్ముద మనిరి, ఒకరు బాగుచేయుద మనిరి. మా తల్లిగారు చెప్పిన మాట యిది: "ఆయన బండిని తుక్కు కింద తూస్తే నేను చూళ్ళేనురా. అలాగని అప్పు తెచ్చి నెత్తికెత్తుకోకండి." ఈ మాటలో రెండు ప్రక్కల నున్న న్యాయమును గలదు. దీనిని తీర్చునది ప్రేమయు కాదు, విసుగును కాదు, కొలతయే తీర్చవలెను.

మొదటిది, హక్కు. యంత్రము ఎవరి పాలికి వచ్చినదో, బాగుచేయు ఖర్చు ఎవరు పెట్టుదురో, వచ్చిన బాడుగ ఎట్లు పంచుకొందురో వారసులందరును కాగితముపై వ్రాసికొని సంతకములు చేయవలెను. కొన్న రసీదు, చెల్లించిన పన్నుల చీటీలు, యంత్రముపై చెక్కిన నెంబరు ఒకచోట చేర్చవలెను. ఒకరు డబ్బు పెట్టి బాగుచేసిన తరువాత మఱియొకరు పాలు అడిగిన, యంత్రముతోపాటు ఇల్లును చెడును.

రెండవది, పని. బాగుపడిన యంత్రమునకు ఏడాదికి ఎన్ని గంటల పని దొరకును? మన చేనిది ఎంత? సంఘ సభ్యులది ఎంత?

మూడవది, సామాను. ఆ రకపు యంత్రమునకు పిన్నులు, బుష్షులు, రోలర్లు, సీళ్లు నేటికిని దొరకుచున్నవా? అమ్మకమునకు ముందే అంగళ్లలో విచారింపవలెను.

నాలుగవది, అస్థిపంజరము. ప్రధానపు చట్రము, గొలుసులను మోయు ప్రక్కచట్రములు పగిలియున్నవా? మన్నును కడిగించి, అతుకులవద్ద సుత్తితో తట్టి, తీగబ్రష్షుతో రుద్ది చూడవలెను. తుప్పు గీత వలె కనబడునది పలుమారు పగులే యగును. చట్రము చెడిన యంత్రమును తుక్కున కిచ్చుటయే మేలు. మిగిలిన భాగము లన్నియు మార్చుటకు వీలున్నవి.

మేము చేసిన తప్పు

ఈ నాలుగును తేల్చుకొన్న తరువాత మేము చేసిన పని, చాలమంది చేయు పనియే. ఇంజనుతో మొదలుపెట్టితిమి. ఇంజను పలికిన చాలు, మిగిలినది తరువాత చూతము అనుకొంటిమి. ఇంజనుకు రింగులు, నాజిళ్లు, గ్యాస్కెట్లు వేయించితిమి. అది పలికిన దినమున వీథిలోని పిల్ల లందరును మకామునకు వచ్చిరి. మా తండ్రిగారివద్ద ఏండ్లతరబడి బండి తోలిన వృద్ధుడును వచ్చి, ఒక ప్రక్కగా నిలిచి చూచి, "ఇంజను పలికిందని మురిసిపోకండి బాబూ. ఇది నడిచేది గొలుసు మీదండి. ఎడమ పక్క నూనె చూశారాండి?" అనెను. చూచెదములే యని మేము యంత్రమును కదిపితిమి. నలుబది గజములు నడచెను. ఎడమప్రక్క ఫైనల్ డ్రైవులో బండరాయి నలిగినట్లు చప్పుడు వచ్చి నిలిచిపోయెను. విప్పి చూడగా బేరింగు ముక్కలై, పండ్లచక్రముల పండ్లు విరిగియుండెను. దాని ఖర్చు ఇంజను ఖర్చుతో సమానమయ్యెను.

ఆ రాత్రి మా తండ్రిగారి పెట్టె తీసి చూడగా ఒక పుస్తకము దొరికెను. వారు ప్రతిదినమును యంత్రము నడచిన గంటలు, పోసిన డీసిలు, మార్చిన నూనె దానిలో వ్రాసికొనిరి. కడపటి పుటలలో నాలుగు చోట్ల ఒకే మాట యుండెను: ఎడమ ప్రక్క నూనె తగ్గినది, పోసితిని. అనగా ఆ ప్రక్క సీలు చెడెనని వారికి తెలిసియే యుండెను. సీలు చెడినచోట నూనె బయటికి పోవుటయే గాక, నీరును ఇసుకయు లోనికి వచ్చును. ఎనిమిది వర్షములు ఆ నీరు బేరింగులను తినివేసెను. క్రిందనున్న మర ఒక్కటి విప్పి నూనెను పళ్లెములోనికి దింపియున్న, నీరును ఇనుపపొడియు మాకు కంటికి కనబడియుండును. పది నిముషముల పనిని మేము చేయలేదు. తండ్రి విడిచిన యంత్రమును ముట్టుటకు ముందు తండ్రి వ్రాసిన పుస్తకము చదువవలెనని మేము నేర్చుకొన్నది అట్లు.

కావున క్రమ మిది: మొదట కడుగుట, తరువాత అన్ని నూనెలను దింపి చూచుట, ఆపైన కొలుచుట, పిమ్మట లెక్కవేయుట, ఆ తరువాతనే విప్పుట.

ప్రాణహానికరములగు నాలుగు సంగతులు

పనికి దిగకముందు ఇవి ఇంటిల్లిపాదికి చెప్పవలెను.

1. లేచియున్న బ్లేడు క్రిందకు ఎవరును పోరాదు. బ్లేడును నేలపై దింపి, ఇంజను ఆపి, మీటలను ఇటునటు కదిపి నూనెలోని ఒత్తిడిని తీసివేయవలెను. లేపియే పనిచేయవలసివచ్చిన, గట్టి కొయ్యదిమ్మెలను పేర్చి దానిపై నిలుపవలెను. జాకీలను నమ్మరాదు.

2. గొలుసును బిగించు గొట్టములో గ్రీజు మిక్కిలి ఒత్తిడితో నుండును. వదులుచేయునపుడు దాని మరను ఒక చుట్టుకంటె ఎక్కువ త్రిప్పరాదు. ముఖమును దానికి ఎదురుగా ఉంచరాదు. ఆ ఒత్తిడితో వచ్చిన గ్రీజు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. హైడ్రాలిక్ గొట్టముల కారుడును చేతితో తడిమి చూడరాదు. అట్టముక్కను పట్టి చూడవలెను.

3. గొలుసు ముందుచక్రము వెనుకనుండు పెద్ద స్ప్రింగు నొక్కబడియే బిగింపబడి యుండును. దానిని ఇంటివద్ద విప్పరాదు. తగిన ప్రెస్సు ఉన్న కార్ఖానాలోనే విప్పింపవలెను.

4. చాలకాలము నిలిచిన డీసిలు ఇంజనులో ఫ్యూయల్ పంపు లోపలి కడ్డీ బిగుసుకొనియుండవచ్చును. అట్టి ఇంజను పలికిన వెంటనే అదుపు తప్పి పరుగెత్తును. కావున మొదటిసారి స్టార్టు చేయునపుడు గాలి పీల్చు గొట్టమువద్ద బల్లచెక్కతో ఒక మనిషిని నిలుపవలెను. వేగము మితిమీరిన ఆ చెక్కతో గొట్టమును మూయవలెను. చేతితో గాని గుడ్డతో గాని మూయరాదు.

నిలిచిన ఇంజనును మేల్కొలుపు విధము

బ్యాటరీ తగిలించి వెంటనే త్రిప్పుట తగదు. తుప్పు పట్టిన రింగులు లైనర్లను గీచివేయును. నాజిళ్లను విప్పి, ప్రతి సిలిండరులోను కొంచెము డీసిలును ఇంజను నూనెయు కలిపి పోసి, కొన్ని దినములు నాననీయవలెను. తరువాత గడ్డపారవంటి కడ్డీతో ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. స్వేచ్ఛగా రెండు చుట్లు తిరిగినపుడే స్టార్టరుతో పని. బిగుసుకొని యున్న బలవంతము చేయక హెడ్డు విప్పింపవలెను.

ఛాంబరులోని నూనె పాలవలె తెల్లబడియున్న నీరు చేరినదని గుర్తు. ఆ నీరు హెడ్డు గ్యాస్కెట్టునుండియో, లైనరు క్రింది రబ్బరు కడియములనుండియో, కేవలము వానవలననో వచ్చినది తెలిసికొనవలెను. డీసిలు ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి, అడుగున చేరిన నీటిని, జిగురును కడిగి, ఫిల్టర్లు మార్చి, గాలి లేకుండ పంపు మరలనుండి డీసిలును కార్చవలెను. రేడియేటరులో ఎలుకలు గూడు కట్టుట కలదు. రెక్కల నడుమ మన్నును నీటిధారతో లోపలినుండి వెలుపలికి కడుగవలెను.

ఇంజను పలికిన తరువాత మొదట చూడవలసినది పొగ కాదు, ఆయిల్ ప్రెషరు ముల్లు. అది కొలది సెకండ్లలో లేవనిచో ఆపవలెను. పిమ్మట పొగ. నల్లపొగ గాలి చాలమికిని, నాజిళ్ల దోషమునకును గుర్తు. నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. వేడెక్కినను ఆగని తెల్లపొగ కాలని డీసిలుకో, సిలిండరులోని నీటికో గుర్తు. వృద్ధుడగు మా డ్రైవరు పొగను చూచి చెప్పిన రోగమును మెకానిక్కు తరువాత విప్పి చూచి ఔననెను.

గొలుసులు – ఖర్చులో సగము

గొలుసు యంత్రముల మరమ్మతు ఖర్చులో ఇంచుమించు సగము క్రిందిభాగమునకే యగునని ఈ వృత్తిలోనివా రందరు చెప్పుదురు. మా లెక్కయు దీనికి దూరముగా లేదు. క్రిందిభాగ మనగా గొలుసు లంకెలు, వానిని కలుపు పిన్నులు, పిన్నులపై నుండు బుష్షులు, బూట్లు, గొలుసును లాగు వెనుకటి పండ్లచక్రము, ముందటి ఐడ్లరు, పై రోలర్లు, క్రింది రోలర్లు.

గొలుసు సాగుట యనగా ఇనుము సాగుట కాదు. పిన్నును, బుష్షు లోపలివైపును రాచుకొని అరుగుటచే లంకెకు లంకెకు నడుమ దూరము పెరుగును. ఒక్కొక్క లంకెవద్ద పెరుగుదల 3 మిల్లీమీటర్లే అనుకొన్నను, 39 లంకెల గొలుసు మొత్తముమీద 117 మిల్లీమీటర్లు, అనగా నాలుగున్నర అంగుళములకు పైగా పెరుగును. అపుడు బుష్షులు పండ్లచక్రపు పండ్ల నడుమ సరిగా కూర్చొనక పండ్లను కొరికివేయును.

కొలుచు విధ మిది. పండ్లచక్రమునకును గొలుసునకును నడుమ ఒక పాత పిన్నును పెట్టి, యంత్రమును కొంచెము వెనుకకు నడిపిన, పైనున్న గొలుసు బిగియును. యంత్రమును ఆపి, ఒక పిన్ను మధ్యనుండి అయిదవ పిన్ను మధ్యవఱకు టేపుతో కొలిచి, నాలుగుచే భాగింపవలెను. కొత్త గొలుసునకు ఉండవలసిన కొలతయు, విడువవలసిన కొలతయు యంత్రపు పుస్తకములో నుండును. రెండు ప్రక్కలను, ఒక్కొక్క ప్రక్క రెండుచోట్లను కొలువవలెను. బుష్షు వెలుపలి అరుగుదలను కాలిపర్సుతో కొలువవలెను.

ఇచట సభ్యులు గుర్తుంచుకొనవలసిన మేలు ఒకటి కలదు. పిన్నులును బుష్షులును ఒక వైపే ఎక్కువ అరుగును. అరుగుదల హద్దు దాటకముందే వానిని ప్రెస్సుతో తీయించి, సగము చుట్టు త్రిప్పి మరల దిగగొట్టించిన, అరుగని వైపు పనిలోనికి వచ్చి, గొలుసునకు రెండవ ఆయుష్షు కలుగును. హద్దు దాటి బుష్షు పగిలిన ఈ యవకాశము పోవును. మా యెడమ గొలుసు త్రిప్పుటకు పనికివచ్చెను. కుడి గొలుసు ఒక్క వేసవి ఆలస్యమై పనికిరాకపోయెను. ఆ ప్రక్క పిన్నులు, బుష్షులు అన్నియు కొత్తవి వేయింపవలసివచ్చెను. కొత్త గొలుసును పదునుగా అరిగిన పాత పండ్లచక్రముపై వేయరాదు. అది కొత్తదానిని త్వరలోనే పాడుచేయును.

రోలర్లలో తిరుగనిది, నూనె కార్చునది, అంచు అరిగినది వేరుచేయవలెను. తిరుగని రోలరు ఒక ప్రక్కనే అరిగి చదునై, గొలుసును కూడ అరుగదీయును.

గొలుసు బిగింపు విషయమున మనవారు పొరపడుచుందురు. బిగువుగా నుండుట మంచిదని తలంతురు. బిగువైన గొలుసు తన్ను తానే తినివేయును. పై రోలరునకును ఐడ్లరునకును నడుమ తిన్నని కఱ్ఱ పెట్టి చూచిన, గొలుసు సుమారు 1 అంగుళము వ్రేలుచుండవలెను. సరియైన కొలతకు యంత్రపు పుస్తకమే ప్రమాణము. ఒండ్రుమట్టిలో పని ముగియగానే, సాయంకాలమే, గొలుసులలోని మన్నును పారతో తీయవలెను. తెల్లవారువఱకు అది ఇటుకవలె గట్టిపడి గొలుసును బిగించివేయును. తడిసిన ఇసుక అన్నిటికంటె ఎక్కువ అరుగదీయును. అనవసరముగా వేగముతో వెనుకకు నడుపుట బుష్షులకు మిక్కిలి చేటు.

త్రిప్పుడు క్లచ్చులు, బ్లేడు, జాకీలు

బుల్డోజరునకు స్టీరింగు చక్రము లేదు. ఒక ప్రక్క క్లచ్చును విడిచి, ఆ ప్రక్క బ్రేకు నొక్కిన అటు తిరుగును. ఈ క్లచ్చులు కొన్ని యంత్రములలో పొడిగాను, కొన్నిటిలో నూనెలోను ఉండును. పొడివి చాలకాలము నిలిచిన తుప్పుచే అతుకుకొనును. అట్టి యంత్రము మీట లాగినను తిరుగదు. ఏటి అంచున ఇది ప్రాణముమీదికి వచ్చును. కావున బ్రేకులును క్లచ్చులును చదునైన ఖాళీ స్థలమున పరీక్షించిన తరువాతనే చేనిలోనికి దింపవలెను.

బ్లేడు క్రింది అంచునకు మరలతో బిగించిన కత్తిపట్టీ యుండును. అది అరుగుటకే పెట్టినది. ఒక అంచు అరిగిన త్రిప్పి బిగింపవచ్చును. రెండును అరిగిన మార్చవలెను. దానిని ఆలస్యము చేసిన బ్లేడు అసలు రేకే అరుగును; అపుడు ఖర్చు అనేకరెట్లగును. జాకీల పరీక్ష సులభము: బ్లేడును జానెడెత్తు లేపి, క్రిందకు ఎవరును పోకుండ చూచుకొని, ఇంజను ఆపి, అది ఎంతకాలములో ఎంత దిగునో కొలువవలెను. త్వరగా దిగిన సీళ్లో, వాల్వులో చెడినవి. జాకీ కడ్డీపై తుప్పుమచ్చలున్న కొత్త సీలు వేసినను నిలువదు. కడ్డీకి మెరుగు పెట్టింపవలెను.

రంగు అన్నిటికంటె చివర. తుప్పు ఆపుటకు మాత్రమే అది కావలెను. రంగుచే కొత్తదివలె కనబడు యంత్రమునుండి నూనె కారు జాడ తెలియకపోవుటయు కలదు.

ఖర్చు లెక్క

ఉదాహరణమునకు బాగుచేయుటకు 6,00,000 రూపాయలు అగు ననుకొందము. ఏడాదికి 250 గంటల చొప్పున 5 ఏండ్లు నడచిన 1,250 గంటలు. గంటకు 480 రూపాయలు ఈ ఖర్చు క్రింద పడును. అదే యంత్రము ఏడాదికి 100 గంటలే నడచిన, 500 గంటలకు పంచగా గంటకు 1,200 రూపాయలు పడును. దీనిపై వడ్డీ, డీసిలు, నూనె, డ్రైవరు జీతము, చేనికి చేర్చు ట్రెయిలరు బాడుగ చేర్చవలెను. గొలుసు యంత్రమును రోడ్డుపై నడుపరాదు. రోడ్డును, గొలుసును రెండును చెడును. డీసిలు గంటకు ఎంత యగునో ఊహింపరాదు. ట్యాంకు నిండ పోసి, గంటలు లెక్కించి పనిచేసి, మరల నిండ పోసిన లీటర్లను గంటలచే భాగింపవలెను.

ఇట్లు వచ్చిన మొత్తమును ఊరిలో బాడుగకు దొరకు యంత్రపు ధరతో పోల్చిచూడవలెను. ఒక్క కుటుంబపు చేనికి ఈ యంత్రము ఎన్నటికిని గిట్టదని మా లెక్క స్పష్టముగా చూపెను. పలువురు సభ్యుల పని చేరినపుడే గిట్టును. అందుచే మేము బాగుచేయుటకు ముందే సంఘ సభ్యులను కలిసికొని, ఎవరికి ఎన్ని గంటల పని కలదో వ్రాసికొని, వరుస యేర్పరచితిమి. గంటలు చాలకున్న తుక్కు వర్తకునికే ఇచ్చెదమని మా తల్లిగారికి ముందుగా చెప్పితిమి. వారు కాదనలేదు. గంటలు చాలినవి.

చేనిలో చేయవలసిన జాగ్రత్తలు

యంత్రము బాగుపడిన మాత్రమున చేను బాగుపడదు. మేట తీయకముందు పది పదిహేను గజముల కొకటి చొప్పున గోతులు తీసి, ఇసుక ఎంతలోతు, క్రింది నల్లమన్ను ఎచట మొదలగునో కొయ్యలు పాతి గుర్తింపవలెను. ఇసుకతోపాటు పైమన్నును నెట్టివేసిన, తరతరముల సారము పోవును. నేల తడిగా నున్నపుడు యంత్రమును దింపరాదు. నేల అణగి గట్టిపొర యేర్పడి నీరు దిగదు. కొబ్బరిచెట్టు వేళ్లలో అధికభాగము మొదలునుండి 2 మీటర్లలోపుననే యుండును గావున ఆ మేర బ్లేడు పెట్టరాదు. బోదెలను ముందుగా గుర్తించి వదలవలెను. ఏటిగట్టును, నదిగర్భమును ప్రభుత్వపు అనుమతి లేక ముట్టరాదు. మన చేను చదునుచేయు తొందరలో గట్టు పాదమును గీచిన, రాబోవు వరదలో ఊరంతయు దాని ఫల మనుభవించును.

పుస్తకము

ఇప్పుడు ఆ యంత్రము వేసవిలో లంకలయందు పనిచేయుచున్నది. కొత్తదానివలె చేయదు. ఎక్కువ బరువు నెట్టదు. మధ్యాహ్నపు టెండలో గంటసేపు విశ్రాంతి కావలెను. మా తండ్రిగారి పుస్తకము నిండినచోట గీత గీచి, క్రిందనుండి మేము వ్రాయుట మొదలుపెట్టితిమి: తేదీ, ఎవరి చేను, నడచిన గంటలు, డీసిలు, నూనె, గ్రీజు, కనబడిన దోషము. దోషము కనబడిన దినముననే వ్రాయవలెనని, మూడు దినములలో చూపింపవలెనని నియమము పెట్టుకొంటిమి. మా తండ్రిగారు నాలుగుసార్లు వ్రాసియు బాగుచేయింపలేకపోయిన దోషమునకు కారణము డబ్బు చాలకపోవుటయో, వయస్సో, మేము దగ్గర లేకపోవుటయో మాకు తెలియదు. దగ్గరనుండి ఆ పుస్తకమును ఒక్కసారి చదివియున్న, ఒక సీలు ఖర్చుతో పోవునది.

సభ్యుల యిండ్లలో పెద్దల కాలపు ఇంజనుగాని, ట్రాక్టరుగాని, టిల్లరుగాని మూలనున్న, వేసవి రాకముందే నూనెలు దింపి చూచి, కొలతలు వ్రాసి, సంఘపు సమావేశమునకు తెచ్చునది. పెద్దలు జీవించియున్న యిండ్లలో ఆ యంత్రపు గుణదోషములను ఇప్పుడే అడిగి వ్రాసికొనునది. బాగుచేయుటయో, అమ్ముటయో ఆ తరువాత అందరము కలిసి లెక్కవేయుదము.